మ్యాక్ ఇంట ఈమాక్స్ కాపురం

డబ్బింగు చిత్రం చూసేటప్పుడు కథ తెలుస్తూనే వుంటుంది, మాటలూ తెలుస్తూనే వుంటాయి. కాని తెరమీది మనిషి "నాన్నా" అని పిలిచే సమయానికి అతని పెదవులు మరేదో అంటూ వుంటాయి. పది నిమిషాలు చిరాకు పడి, ఆ పైన టిక్కెట్టు డబ్బులు గుర్తుకు వచ్చి, సర్దుకొని కూర్చుంటాం. ఎంత సర్దుకున్నా అది మన చిత్రం కాదన్న సంగతి మాత్రం ఆట ముగిసేదాకా మనసులోంచి పోదు.

కంప్యూటరు ప్రోగ్రాముల్లో కూడా ఇలాంటి డబ్బింగు చిత్రాలు కోకొల్లలు. ఒక జాతి యంత్రం కోసం పుట్టిన ప్రోగ్రామును మరొక జాతి యంత్రం మీదికి తీసుకురావడాన్ని ఆ వృత్తిలో వున్నవారు "పోర్టింగు" అంటారు. తెచ్చిన ప్రోగ్రాము నడవడానికైతే నడుస్తుంది. కాని మెనూ వుండవలసిన చోట వుండదు. నకలు తీయడానికి మీరు అలవాటుగా నొక్కే మీట నొక్కితే మరేదో జరుగుతుంది. అక్షరాలు పక్క కిటికీలోని అక్షరాలకన్న మొరటుగా కనిపిస్తాయి. అలా కాక, ఆ యంత్రంలోనే పుట్టి పెరిగినట్టు మసలుకొనే ప్రోగ్రామును "నేటివ్" అంటారు. ఇంటి మనిషి అన్నమాట.

ఇంటి మనిషి అనిపించుకోవడానికి ఒక ప్రోగ్రాము పడిన పాట్లు ఇక్కడ చెప్పబోతున్నాను. ప్రోగ్రాము పేరు ఈమాక్స్. ఇల్లు ఆపిల్ కంపెనీవారి మ్యాక్. ఈ రెంటికీ మొదట్లో మాటలు లేవు. తరువాత కలిసిన తీరు చూస్తే, మన నవలల్లో చిన్ననాడు తప్పిపోయిన బిడ్డ ఆఖరి ప్రకరణంలో దొరకడం అంత అసంభవమేమీ కాదనిపిస్తుంది.

వేళ్లకు వచ్చిన విద్య

ప్రోగ్రాము అంటే చివరకు రాతే. దాన్ని వ్రాసుకొని, దిద్దుకొని, దాచుకొనే పలకను కోడ్ ఎడిటరు అంటారు. ఉత్తరాలు టైపు చేసుకొనే ప్రోగ్రాముకూ దీనికీ తేడా వుంది. ఒక కుండలీకరణం తెరిచి మూయడం మరిస్తే ఇది పట్టి చూపిస్తుంది. వెయ్యి పుటల రాతలో ఒక పేరు ఎక్కడెక్కడ వచ్చిందో క్షణంలో ఏరి పెడుతుంది. రోజుకు పది గంటలు దీని ముందు కూర్చునే మనిషికి మీటలు వేళ్లకు వచ్చేస్తాయి. వైణికుడు తీగల వంక చూడనట్టే అతనూ మీటల వంక చూడడు. అందుకే మీట మారితే అతనికి వచ్చే కోపం సామాన్యమైన కోపం కాదు.

ఈమాక్స్ 1976లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టింది. అక్కడ టెకో అనే పాత ఎడిటరుకు తలొకరూ వ్రాసుకొన్న చిట్కాలను రిచర్డ్ స్టాల్మన్, గై స్టీల్ మొదలైనవారు ఒకచోట కూర్చి ఈ పేరు పెట్టారు. 1984లో స్టాల్మన్ దానిని మళ్లీ మొదటి అక్షరం నుంచి వ్రాయడం మొదలుపెట్టి 1985లో బయటపెట్టారు. ఇదే గ్నూ ఈమాక్స్. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. పంచేటప్పుడు మాత్రం మూలప్రతి దాచకూడదు. ఆయన పెట్టిన నియమం అదొక్కటే, కాని ఇనుపకట్టు.

ఈమాక్స్‌ను రెండంతస్తుల మేడగా ఊహించుకోండి. పై అంతస్తు లిస్ప్ భాషలో వ్రాసింది. వెతకడం, దిద్దడం, రంగులు వేయడం వంటి పనులన్నీ అక్కడే జరుగుతాయి. దానికి ఏ యంత్రమైనా ఒకటే. కింది అంతస్తు సి భాషలో వ్రాసింది. యంత్రంతో మాట్లాడేది అదే. "ఈ అక్షరాలు ఇక్కడ గీయి, ఈ మేర చెరిపేయి, ఇక్కడ గుర్తు మిణుకుమనిపించు" అన్న ఆజ్ఞలు కొన్ని వుంటాయి. వాటిని అమలు జరిపే ముక్కను ఒక్కొక్క యంత్రానికి విడిగా వ్రాసుకోవాలి. యునిక్సు వారి ఎక్స్ కిటికీలకు ఒక ముక్క, విండోసుకు ఒక ముక్క. ఈ ఏర్పాటు వల్లనే ఈమాక్స్ పది రకాల యంత్రాల మీద బతికింది. అలాంటప్పుడు మ్యాక్‌కు కూడా ఒక ముక్క వ్రాసి పారేస్తే పోదా అంటారు మీరు. అక్కడే వచ్చింది తగవు.

వెలి

1988 మార్చిలో ఆపిల్ కంపెనీ మైక్రోసాఫ్ట్ మీదా, హ్యూలెట్ పాకర్డ్ మీదా దావా వేసింది. తెరమీది కిటికీలు, బొమ్మలు, మెనూలు కనిపించే తీరు తనదేననీ, ఇతరులు ఆ పోకడ అనుసరించరాదనీ దాని వాదం. (ఆ పోకడ ఆపిల్‌కు ప్రేరణ ఇచ్చింది జిరాక్సు వారి ప్రయోగశాల అన్నది లోకానికంతకూ తెలిసిన రహస్యం.) ప్రోగ్రాము చూపుకు ఎలా వుంటుందన్నదాని మీద గుత్తహక్కు ఒప్పుకుంటే రేపు ఎవరూ ఏమీ వ్రాయలేరని స్టాల్మన్ మండిపడ్డారు. ఆయన నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆపిల్‌ను వెలివేసింది. ఆపిల్ యంత్రాలు కొనవద్దని చెప్పింది. గ్నూ ప్రోగ్రాములను వాటి మీదికి తేవడానికి సహాయం చేయబోమని ప్రకటించింది. ఆపిల్ ఆ దావా ఓడిపోయింది. 1995లో సుప్రీం కోర్టు కూడా వినడానికి నిరాకరించాక వెలి ఎత్తేశారు.

సిద్ధాంతం సరైనదే కావచ్చు. ఆ ఏడేళ్లూ ఇబ్బంది పడింది మాత్రం బల్లమీద మ్యాక్ పెట్టుకొని, వేళ్లల్లో ఈమాక్స్ పెట్టుకొన్న మనిషి. పెద్దల తగవుల్లో ఇది మామూలే.

నల్లని పెట్టె

సరిగ్గా దావా వేసిన ఆ 1988లోనే, అక్టోబరులో, స్టీవ్ జాబ్స్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక కొత్త యంత్రాన్ని చూపించారు. ఆయన 1985లో ఆపిల్ నుంచి బయటికి వచ్చి నెక్స్ట్ అనే కంపెనీ పెట్టుకొన్నారు. యంత్రం అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున నల్లని పెట్టె. విశ్వవిద్యాలయాలకు వెల 6,500 డాలర్లు. ఆ వెలకు కొనే విద్యార్థులు ఎక్కడ వుంటారో గాని, చూసినవాళ్లందరూ ముచ్చటపడ్డారు. 1990లో టిమ్ బర్నర్స్ లీ జెనీవాలో వరల్డ్ వైడ్ వెబ్‌ను తయారుచేసింది దీని మీదనే.

నెక్స్ట్‌కూ గ్నూ వారికీ కూడా పేచీ రాకపోలేదు. నెక్స్ట్ వారి ప్రోగ్రాములన్నీ ఆబ్జెక్టివ్ సి అనే భాషలో వ్రాసినవి. ఆ భాషను యంత్రభాషలోకి మార్చడానికి వారు గ్నూ వారి కంపైలరునే తీసుకొని దానికి కొత్త భాగం జోడించారు. జోడించిన భాగం మూలప్రతి మాత్రం ఇవ్వకుండా తప్పించుకుందామని చూశారు. స్టాల్మన్ ఒప్పుకోలేదు. ఇనుపకట్టు అన్నానే, అది పనిచేసింది. నెక్స్ట్ వారు ఆ భాగాన్ని లోకానికి ఇవ్వక తప్పలేదు.

అయినా నెక్స్ట్ ఆపిల్ కాదు గనుక దానికి వెలి లేదు. 1990ల తొలి సంవత్సరాల్లో కార్ల్ ఎడ్‌మన్ అనే ఆయన ఈమాక్స్ కింది అంతస్తుకు నెక్స్ట్ ముక్క వ్రాశారు. నల్లపెట్టె మీద ఈమాక్స్ అద్దెకు దిగినట్టు కాక, నెక్స్ట్ కిటికీల్లో, నెక్స్ట్ మెనూలతో ఇంటి మనిషిలా నడిచింది.

అయితే ఏం లాభం? నల్లపెట్టెలు అన్నీ కలిపి సుమారు 50,000 మాత్రమే అమ్ముడుపోయాయంటారు. 1993లో నెక్స్ట్ యంత్రాల తయారీ మానేసి, ప్రోగ్రాముల వ్యాపారంలో మిగిలింది. కొనేవాడు లేని యంత్రానికి వ్రాసిన ముక్కను ఎవరు పట్టించుకుంటారు? మామూలుగానైతే అది అటకెక్కవలసిందే.

ఎక్కలేదు. ఈమాక్స్ మూలప్రతిలో ఎన్ఎస్‌టెర్మ్ అనే ఫైలు ఒకటి వుంది. మ్యాక్ తెరతో మాట్లాడేది అదే. దాని మొదట్లో అయిదు పేర్లు వరసగా కనిపిస్తాయి. మొదట వ్రాసింది కార్ల్ ఎడ్‌మన్. దానిని సరిదిద్దింది క్రిస్టియన్ లింపాక్. నెక్స్ట్ పద్ధతి ఓపెన్‌స్టెప్‌గా, రాప్సొడీగా రూపాలు మార్చుకొన్నప్పుడు దాని వెంట నడిపించింది స్కాట్ బెండర్. మ్యాక్ ఓఎస్ టెన్ మీదికి తెచ్చింది క్రిస్టోఫ్ ద దినెషాఁ. ఆ తరువాతి ఈమాక్స్‌లకు సరిపడేట్టు చేసి, గ్నూస్టెప్ మీదికి కూడా తెచ్చింది ఏడ్రియన్ రాబర్ట్. ఆ అయిదు వరసల్లో జీతంభత్యాల మాట లేదు, సన్మానాల మాట లేదు. ఒకరు దింపిన బరువును మరొకరు ఎత్తుకొన్నారని మాత్రం తెలుస్తుంది.

ఎత్తుకొన్నందుకు ఫలితం ఎలా వచ్చిందో చూడండి. 1996 డిసెంబరులో, సొంతంగా కొత్త పద్ధతి తయారుచేసుకోలేక చతికిలబడిన ఆపిల్ కంపెనీ, 40 కోట్ల డాలర్లకు పైగా పోసి నెక్స్ట్‌ను కొనేసింది. జాబ్స్ పుట్టింటికి వచ్చారు. 2001 మార్చి 24న వెలువడిన మ్యాక్ ఓఎస్ టెన్‌కు పునాది నెక్స్ట్ వారిదే. నెక్స్ట్ ఆపిల్‌ను కొన్నదని పరిహాసమాడినవారూ లేకపోలేదు. ఎవరు ఎవరిని కొన్నా, దిక్కులేని యంత్రానికి వ్రాసిన ఆ ముక్క ఒక్కసారిగా మ్యాక్ ఇంటి భాష మాట్లాడేదయింది.

పంక్తిలో కూర్చోవడం

ఒకే భాష మాట్లాడినంత మాత్రాన కాపురం సాగుతుందా?

ఈమాక్స్‌కు ఒక పాత అలవాటు. ఏదైనా కబురు వచ్చిందా, మీట ఎవరైనా నొక్కారా అని తానే పదేపదే వెళ్లి చూసుకొంటుంది. వంటింట్లోకి పోయి తానే వడ్డించుకొనే మనిషి లాంటిది. మ్యాక్ ఇంట్లో అలా కుదరదు. అక్కడ అందరూ పంక్తిలో కూర్చోవాలి. వడ్డించేవాడు వస్తాడు, నీ వంతు వచ్చినప్పుడు నీ ఆకులో పడుతుంది. మధ్యలో లేవకూడదు. ఇంటి పెత్తనమంతా మ్యాక్ చేతిలో వుంటుంది. ప్రోగ్రాము దాని పిలుపు కోసం కాచుకోవాలి.

పంక్తిలో కూర్చుంటే ఈమాక్స్‌కు తన పని సాగదు. నెట్‌వర్కు నుంచి వచ్చేది, వెనక నడుస్తున్న ఇతర ప్రోగ్రాములు చెప్పేది కూడా అది వినాలి. కూర్చోకపోతే మ్యాక్ ఒప్పుకోదు. దీనికి వారు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. ఈమాక్స్ బుద్ధిగా పంక్తిలో కూర్చుంటుంది. లేవవలసిన అవసరం వచ్చినప్పుడు తన పేరిట తానే ఒక ఉత్తరం వ్రాసి మ్యాక్ టపాలో వేస్తుంది. మ్యాక్ మర్యాదగా ఆ ఉత్తరం తెచ్చి ఇస్తుంది. "అదిగో, కబురు వచ్చింది" అని ఈమాక్స్ లేచి తన పని చూసుకొని, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈ నాటకం రోజూ, గంటకు వేలసార్లు జరుగుతూ వుంటుంది. చూసేవాడికి ఏమీ తెలియదు.

ఇంకొకటి. తెరమీద చోటును యునిక్సు వారు పైనుంచి కిందికి కొలుస్తారు. నెక్స్ట్ సంప్రదాయంలో కిందినుంచి పైకి కొలుస్తారు, మనం గోడ కట్టినట్టు. ఈమాక్స్‌కు మొదటి వరస అంటే పై వరస. అందుచేత తన కిటికీని తలకిందులుగా లెక్కపెట్టమని మ్యాక్‌తో ముందే చెప్పుకోవాలి. ఒక్క వాక్యం పని. చెప్పకపోతే మాత్రం గ్రంథమంతా తారుమారు.

మీటల సంగతి ఇంత తేలిక కాదు. ఈమాక్స్‌లో సగం పనులు కంట్రోలు మీటతోనూ, సగం మెటా అనే మీటతోనూ జరుగుతాయి. ఇప్పటి కీబోర్డుల మీద మెటా అనేది లేనే లేదు. మ్యాక్ మీద కంట్రోలు, ఆప్షన్, కమాండ్ అని మూడున్నాయి. కమాండ్‌తో పాటు సి నొక్కితే నకలు, వి నొక్కితే అతుకు. ఇది మ్యాక్ ఇంటి ఆచారం. నెక్స్ట్ ముక్కలో కమాండ్‌ను ఇంటి ఆచారానికి వదిలేసి, ఆప్షన్‌ను మెటాగా చేశారు. ఇద్దరికీ న్యాయం జరిగిందనుకొన్నారు. ఇంతలో జర్మనీ వారు లబోదిబోమన్నారు. వారి మ్యాక్ కీబోర్డు మీద చదరపు కుండలీకరణం కావాలంటే ఆప్షన్‌తో అయిదు నొక్కాలి, మీసాల కుండలీకరణం కావాలంటే ఆప్షన్‌తో ఎనిమిది నొక్కాలి. ఆప్షన్ కాస్తా మెటా అయి కూర్చుంటే కుండలీకరణమే రాదు. కుండలీకరణం వేయలేని కోడ్ ఎడిటరు ఉప్పు లేని ఊరగాయకన్న అన్యాయం. చివరకు ఎడమ ఆప్షన్ ఈమాక్స్‌కు, కుడి ఆప్షన్ ఇంటివారికి అని పంపకం చేసుకొనే వీలు కల్పించారు. ఉమ్మడి కుటుంబాల్లో పెరడు పంచుకొన్నట్టు.

ఈ మీటల వ్యవహారంలోనే ఒక వింత వుంది. మీ దగ్గర మ్యాక్ వుంటే, ఉత్తరాలు వ్రాసే కిటికీలో గాని మరెక్కడైనా గాని నాలుగు మాటలు టైపు చేసి, కంట్రోలుతో ఎ నొక్కి చూడండి. గుర్తు వరస మొదటికి పోతుంది. కంట్రోలుతో ఇ నొక్కితే చివరకు పోతుంది. కె నొక్కితే అక్కడినుంచి వరసంతా తుడిచిపెట్టుకు పోతుంది, వై నొక్కితే తిరిగి వస్తుంది. ఇవన్నీ ఈమాక్స్ మీటలు. నెక్స్ట్ నాటి నుంచే ఆ పద్ధతిలో కలిసిపోయి మ్యాక్‌కు సంక్రమించాయి. కొత్తకోడలు గడపలో కుడికాలు పెట్టేసరికి, ఆమె పుట్టింటి పాటలు అత్తవారింట్లో అప్పటికే పాడుకొంటున్నారన్నమాట.

రెండో దారి

ఈ నెక్స్ట్ ముక్క చాలాకాలం అధికారికమైన ఈమాక్స్‌లో చేరలేదు. బయటే పెరిగింది. ఆ లోగా మరొకరు ఇంకొక దారిలో వచ్చారు. మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చినప్పుడు ఆపిల్ రెండు దారులు చూపింది. నెక్స్ట్ నుంచి వచ్చినదానికి కోకో అని పేరు. పాత మ్యాక్ ప్రోగ్రాములవారు మరీ కష్టపడకుండా రావడానికి కార్బన్ అని రెండవది. ఆండ్రూ చోయ్ అనే ఆయన పాత మ్యాక్ మీదికి ఈమాక్స్‌ను తెచ్చారు. ఆ ముక్క అధికారిక ఈమాక్స్‌లో చేరి, కార్బన్ దారిలోకి మళ్లింది. జపాన్ దేశస్థుడైన యమమోతో మిత్సుహారు దానిని ఏళ్ల తరబడి సానపట్టారు. 2007 జూన్‌లో వెలువడిన ఈమాక్స్ 22లో మ్యాక్ ముక్క అంటే ఈ కార్బన్ ముక్కే.

ఆ నెలలోనే ఆపిల్ వారు పిడుగులాంటి వార్త చెప్పారు. 64 బిట్ల ప్రోగ్రాములకు కార్బన్ కిటికీలు ఇవ్వబోమన్నారు. అంటే కార్బన్‌కు నూరేళ్లు నిండినట్టే. 2008లో నెక్స్ట్ ముక్కను అధికారిక ఈమాక్స్‌లో కలిపారు. 2009 జులైలో వెలువడిన ఈమాక్స్ 23లో అదే మ్యాక్ ముక్క అయింది. కార్బన్ ముక్కను తీసేశారు.

కాగితం మీద ఇది సబబైన తీర్పే. నెక్స్ట్ ముక్క గ్నూస్టెప్ అనే స్వేచ్ఛాపద్ధతి మీద కూడా నడుస్తుంది గనుక సిద్ధాంతానికీ పేచీ లేదు. కాని ఒక మనిషి ఏళ్ల తరబడి నిగారింపు తెచ్చిన పని ఒక్క పూటలో పక్కకు పోయింది. జపాన్ అక్షరాలు టైపు చేసుకొనేవారికి కొత్త ముక్కలో చాలా లోపాలు కనిపించాయి. యమమోతోగారు అలిగి కూర్చోలేదు. తన ముక్కను కోకో దారికి తానే మళ్లించుకొని, అధికారిక ఈమాక్స్‌కు పక్కన విడిగా నడుపుతూ వచ్చారు. మ్యాక్ మీద అదే నునుపని నమ్మి దానినే వాడుకొన్నవారు చాలామంది వున్నారు. కొన్నేళ్లకు అధికారిక ఈమాక్స్ కూడా అక్షరాలు గీసే పని కోసం ఆయన వ్రాసిన భాగాన్నే తెచ్చుకొంది. ఆ ఫైలు మొదట్లో ఈనాటికీ ఆయన పేరు వుంది. ముందు గుమ్మంలోంచి పంపిన మనిషిని పెరటి గుమ్మంలోంచి పిలుచుకొచ్చినట్టయింది. పిలుచుకొచ్చారు, అంతవరకు మేలు.

రంగుబొమ్మలూ, ఒక తెలుగు అక్షరమూ

అక్షరాలు గీసే ఆ కొత్త భాగంతో పాటు నవ్వుమొగాలూ, పువ్వులూ వంటి రంగుబొమ్మలు కూడా ఈమాక్స్‌లో కనిపించసాగాయి. 2016లో ఈమాక్స్ 25 వచ్చేసరికి అవి మాయమయ్యాయి. చెడిపోయి కాదు. స్వేచ్ఛాపద్ధతుల మీద నడిచే ఈమాక్స్‌కు ఆ రంగులు ఇంకా రాలేదు గనుక, ఆపిల్ మీద మాత్రం వుండడం ధర్మం కాదని తీసేశారు. సొంత బిడ్డ తినని మిఠాయి పక్కింటి బిడ్డకు పెట్టకూడదన్న న్యాయం. నాలుగేళ్ల తరువాత, 2020 ఆగస్టులో ఈమాక్స్ 27 నాటికి సొంత బిడ్డకూ మిఠాయి దొరికింది, మ్యాక్‌కూ రంగులు తిరిగి వచ్చాయి. ఒక వంక నవ్వు వస్తుంది. మరొక వంక, ఇష్టాయిష్టాలు లాభనష్టాలు చూసుకోకుండా మాట మీద నిలబడే సంస్థ ఒకటి లోకంలో వుండడం మంచిదేనేమో అని కూడా అనిపిస్తుంది.

ఇంటి మనిషి కావడంలో ఇంకొక చిక్కు వుంది. ఇంటి సుఖాలతో పాటు ఇంటి జబ్బులు కూడా అంటుకొంటాయి. దీనికి మన తెలుగు అక్షరమే సాక్షి. అక్షరాలు పేర్చి గీయడానికి మ్యాక్‌లోనూ, ఐఫోనులోనూ ఆపిల్ వారి సొంత ఏర్పాటు వుంది. నేటివ్ ప్రోగ్రాములు దాని మీదనే ఆధారపడతాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఆ ఏర్పాటును పడగొట్టింది. మనకు ఒక అక్షరంగా కనిపించేది యంత్రానికి నాలుగు ముక్కలు: జ, దాని కింద పొల్లు, ఞ, దీర్ఘం. వీటి నడుమ, కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు చేరితే దానిని ఎలా గీయాలో ఆ ఏర్పాటుకు తోచలేదు. తోచక, అడిగిన ప్రోగ్రామునే కూల్చివేసేది. ఎవరైనా ఆ అక్షరాన్ని సందేశంలో పంపితే చాలు, అందుకొన్నవారి ఐఫోనులో, మ్యాక్‌లో ప్రోగ్రాములు తెరుచుకోకుండా మొరాయించాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు మందు పంపారు. ప్రపంచంలో ఇంత పేరు పొందిన తెలుగు అక్షరం మరొకటి లేదు. అదీ జ్ఞానానికి మొదటి అక్షరం కావడం మన ప్రారబ్ధం.

ఈమాక్స్‌కు తెలుగు రాదని మాత్రం ఎవరూ అనుకోకండి. కంట్రోలుతో హెచ్ నొక్కి, వదిలి, మళ్లీ హెచ్ నొక్కితే ప్రపంచ భాషల్లోని పలకరింపులన్నీ ఒక పుటగా తెరుచుకొంటాయి. అందులో "నమస్కారం" కూడా వుంది.

అద్దె ఇల్లు

ఆపిల్ ఇంట కాపురానికి ఒక షరతు వుంది. ఇంటివారు ఎప్పటికప్పుడు గోడలు జరుపుతూ వుంటారు. 2018లో మొహావీ అనే రూపం వచ్చినప్పుడు తెరమీద గీసే పద్ధతి మారింది. ఈమాక్స్‌కు తోచినప్పుడు తోచినచోట గీయడం అలవాటు. ఇకమీదట మేము అడిగినప్పుడు మాత్రమే గీయాలన్నారు. బొమ్మ సరిగా పడక వాడుకరులు అవస్థపడ్డారు. ముందు తన దగ్గర వున్న పలక మీద గీసుకొని, మ్యాక్ అడిగినప్పుడు ఆ పలకను అందించే పద్ధతికి ఈమాక్స్ మారవలసి వచ్చింది. దానికి ఎంతమంది ఎన్ని రాత్రులు మేలుకొన్నారో మూలప్రతి చరిత్ర తిరగేస్తే తెలుస్తుంది.

అంతకన్న పెద్ద గండం ఒకటి తృటిలో తప్పింది. ఈమాక్స్ తొందరగా లేవడానికి ఒక పాత కిటుకు వుండేది. తయారుచేసేటప్పుడే లిస్ప్ అంతస్తునంతా ఒకసారి జ్ఞాపకంలోకి ఎక్కించి, ఆ జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టు అచ్చుతీసి, అదే కొత్త ప్రోగ్రాముగా భద్రపరిచేవారు. దీనికి ఒక్కొక్క పద్ధతి లోగుట్టు తెలియాలి. మ్యాక్ కోసం ఆ భాగం వ్రాసింది కూడా ఆండ్రూ చోయ్‌గారే. భద్రత పేరిట తాళాలు ఎక్కువైనకొద్దీ ఈ కిటుకు నడవడం కష్టమవుతూ వచ్చింది. 2020 ఆగస్టులో వచ్చిన ఈమాక్స్ 27 ఆ కిటుకును విడిచిపెట్టి, ఏ యంత్రం మీదనైనా నడిచే కొత్త పద్ధతిని చేపట్టింది. సరిగ్గా మూడు నెలలకు, నవంబరులో, ఆపిల్ ఇంటెల్ చిప్పులకు స్వస్తి చెప్పి ఎం1 అనే సొంత చిప్పుతో యంత్రాలను దించింది. పాత చిప్పుల కోసం చేసిన ప్రోగ్రాములు ఆ యంత్రాల మీద రోసెట్టా అనే దుబాసీ ద్వారా నడిచాయి. మళ్లీ డబ్బింగే. ఈమాక్స్ మాత్రం కొత్త చిప్పు భాషలోకి నేరుగా దిగగలిగింది.

ఇంతకాలమూ ఆపిల్ వారి పెట్టెలోనే, నల్లతెరమీద నడిచే పాత ఈమాక్స్ ఒకటి ఉచితంగా వచ్చేదని చాలామందికి తెలియదు. అది 2007 నాటిది. ఆ పైన వచ్చినవాటికి గ్నూ వారి లైసెన్సు మరింత బిగిసింది గనుక ఆపిల్ దానిని అక్కడే ఆపేసింది. 2019లో కాటలీనా అనే రూపం వచ్చినప్పుడు దానిని కూడా పెట్టెలోంచి తీసేశారు. అప్పటినుంచి మ్యాక్ మీద ఈమాక్స్ కావలసినవారు తామే తెచ్చుకోవాలి.

తెచ్చుకొన్నవారు ఒక చిన్న పని చేసి చూడవచ్చు. ఈనాటి చిప్పు వున్న కొత్త మ్యాక్ మీద, అధికారిక ఈమాక్స్ కిటికీ తెరిచి, నీవు ఏ కిటికీ పద్ధతి మీద నడుస్తున్నావని లిస్ప్‌లో అడగండి. మ్యాక్ అని చెప్పదు, ఆపిల్ అని చెప్పదు. రెండే అక్షరాలు చెబుతుంది: ఎన్, ఎస్. నెక్స్ట్‌స్టెప్. నల్లపెట్టె పేరు.